గోడ వెనక గీతలు

“బీరువా ఉందమ్మా. నా కళ్లతో చూశాను. ఇనప బీరువా, ఆకుపచ్చ రంగు. నేలమాళిగలో ఉత్తరం గోడకి ఆనించి ఉండేది.”

వాచ్‌మన్ ఆ మాట చెప్పడం అప్పటికి నాలుగోసారి. చెప్పిన ప్రతిసారీ గొంతు కాస్త తగ్గుతూ వస్తోంది. నిన్న పొద్దుటి నుంచీ లాకప్‌లో ఉన్నాడు. కుడి చెంప వాచి ఉంది. ఆ వాపు ఎలా వచ్చిందని ఇన్‌స్పెక్టర్ అడగలేదు. దానికి జవాబు చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడని ఆమెకి తెలుసు.

ఆమెని డిపార్ట్‌మెంట్‌లో చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది. నోట్‌బుక్‌లో మాటల కంటే అంకెలు ఎక్కువ రాసుకునే అలవాటు.

“బీరువా సంగతి తర్వాత. సోమవారం మధ్యాహ్నం నుంచి మళ్లీ చెప్పు. గడియారం చూస్తే చూశానను. చూడకపోతే చూడలేదను.”

“సర్వేయర్ గారు మూడూ ముప్పావుకల్లా పై అంతస్తులు ముగించేశారమ్మా. నాలుగింటికి ఆ మూడుకాళ్ల మిషను భుజానేసుకుని నేలమాళిగలోకి దిగారు. నాలుగున్నరకి నేను టీకెళ్లాను. ఐదుంపావుకి తిరిగొచ్చాను.”

“టీ తాగడానికి ముప్పావుగంటా?”

“మా ఆవిడ ఫోన్ చేసిందమ్మా. పోట్లాట.”

“ముప్పావుగంట పోట్లాడావా?”

“నేనెక్కడ పోట్లాడానమ్మా? విన్నాను.”

పక్కనున్న హెడ్ కానిస్టేబుల్ నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగాడు. పెద్దక్క ఫోన్ కంపెనీ పంపిన కాగితం చూసుకుంది. నాలుగూ ముప్పై మూడు నుంచి ఐదూ పది దాకా. ఇంతవరకూ నిజమే.

“తిరిగొచ్చాక?”

“ఓనర్ గారి కారు గేటు దగ్గరుంది. ఆయన మెట్లెక్కి పైకొస్తూ కనిపించారు. ‘సర్వేయర్ వెళ్లిపోయాడు, ఇవాళ్టికి కాపలా అక్కర్లేదు, నువ్వూ ఇంటికెళ్లు’ అన్నారు. వెళ్లిపోయాను. మంగళవారం పొద్దున్న ఏడున్నరకి వచ్చి చూస్తే సర్వేయర్ గారు నేలమాళిగ మెట్ల కింద బోర్లా పడున్నారు. తల వెనక అంతా...” అతను తన తల వెనక చెయ్యి పెట్టి చూపించబోయి ఆగిపోయాడు. “బీరువా మాత్రం లేదమ్మా. గోడ నున్నగా ఉంది.”

పెద్దక్క లేచింది. ఈ కేసంతా ఆ బీరువా మీదే నిలబడి ఉంది. సోమవారం తను ఆ భవనం ఛాయలకే వెళ్లలేదని ఓనర్ అంటున్నాడు. వచ్చాడని వాచ్‌మన్ అంటున్నాడు. మూడో సాక్షి లేడు. బీరువా మాట నిజమైతే వాచ్‌మన్ చెప్పిన మిగతా మాటలకీ విలువ ఉంటుంది. అబద్ధమైతే అతని పని అయిపోయినట్టే. పైగా సర్వేయర్ బ్యాగు దొరికింది గేటు పక్కనున్న వాచ్‌మన్ గదిలోనే.

గది బయట బెంచీ మీద కాలు మీద కాలేసుకుని ‘శుభం’ కూర్చుని ఉన్నాడు. అతనూ ఇన్‌స్పెక్టరే. ఫైలు తెరిచిన మూడో రోజుకి మూసెయ్యకపోతే నిద్రపట్టని మనిషి. సినిమా ఆఖర్న పడే ఆ ఒక్క ముక్క అతనికి పేరై కూర్చుంది.

“ఏమంటున్నాడు మీ బీరువా మనిషి?” అన్నాడు.

“మీరు వాయించకముందు ఏమన్నాడో ఇప్పుడూ అదే అంటున్నాడు.”

శుభం నవ్వుతూనే ఒళ్లో ఉన్న పెద్ద కాగితం విప్పాడు. తెల్ల కాగితం మీద సన్నటి నల్ల గీతలు. మెట్లు, స్తంభాలు, నాలుగు గోడలు. ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సు నడిచిన ఆ భవనం నేలమాళిగ అచ్చంగా దిగింది.

“ఆ మూడుకాళ్ల మిషన్‌తో చచ్చినాయన తన చేత్తో తీసిన స్కాన్ అక్కయ్యగారూ. సోమవారం నాలుగూ పదికి ఒకటి, నాలుగూ ఇరవై రెండుకి ఒకటి. వాటి నుంచి ఆయన పనిచేసే స్టూడియోవాళ్లు కంప్యూటర్లో కట్టిన మోడల్ ఇది. ఇందులో బీరువా ఏదీ? మనిషి అబద్ధమాడతాడు గానీ మిషన్ ఎందుకాడుతుంది?”

“మిషన్ ఆడదు. ఈ కాగితం మిషన్ నుంచి నేరుగా రాలేదుగా. మధ్యలో మనుషులున్నారు. ఓనర్ ఎక్కడ?”

“పన్నెండింటికి ఆయనకి రిజిస్ట్రేషన్. ఆ భవనం అమ్మేస్తున్నాడు. అక్కాతమ్ముళ్ల ఉమ్మడి ఆస్తి, అక్క కూతురికీ వాటా ఉంది. అక్క ఊళ్లో లేదు, కూతురి దగ్గరుందట. తల్లీకూతుళ్లు సంతకాలు పెట్టి కాగితాలు పంపించేశారు. నాలుగింటికి వాచ్‌మన్‌ని కోర్టులో పెడుతున్నాను. అదే నాలుగింటికి భవనం తాళాలు ఓనర్ చేతికిచ్చేస్తున్నాను. ఏమైనా ఉంటే ఈలోపే చూసుకోండి.”

అప్పుడు టైము పన్నెండుంపావు.

*

స్టూడియోలో మోడలర్ అమ్మాయి ఒక్కతే ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చచ్చిపోయిన సర్వేయర్ ఆమెకి స్వయానా మేనమామ. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

“నిన్న జరిగితే ఇవాళ పనికొచ్చావేంటమ్మా?” అంది పెద్దక్క.

“ఇంట్లో అందరూ ఆయన గురించే మాట్లాడుతున్నారు మేడమ్. ఇక్కడైతే ఆయన తీసిన స్కాన్లున్నాయి.” ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుంది. “అసలు నేలమాళిగ మంగళవారం చెయ్యాలి. పైన తొందరగా అయిపోయిందని, కిందది కూడా ఇవాళే లాగించేస్తానని మూడూ యాభైకి నాకు మెసేజ్ పెట్టాడు. ఆ రోజు వెళ్లకపోయినా బాగుండేది.”

పెద్దక్క ఆ టైము రాసుకుని దాని కింద గీత గీసింది. మంగళవారం వస్తాడనుకున్న మనిషి సోమవారమే దిగాడు.

“ఈ మోడల్ కట్టింది నువ్వేనా?”

“కాదు మేడమ్. మా బాస్ స్వయంగా కట్టారు. సోమవారం రాత్రి.”

“రాత్రి ఎన్నింటికి?”

ఆమె ఫైలు వివరాలు చూపించింది. చివరిసారి భద్రపరిచింది సోమవారం రాత్రి తొమ్మిదీ పది. శవం కనపడటానికి పదిగంటల ముందు. స్కానర్ పంపిన అసలు డేటా పదినిమిషాల తర్వాత చెరిపేసి ఉంది.

స్టూడియో బాస్ బయటి నుంచి వచ్చాడు. బట్టతల, మెడలో కళ్లజోడు తాడు. పెద్దక్క నేరుగా అడిగింది.

“అసలు డేటా ఎందుకు చెరిపేశారు?”

“క్లయింట్ చెప్పాడండీ. ఓనరే. ఎనిమిదీ యాభైకి ఫోన్ చేశాడు. ఆస్తి కొనేవాళ్లకి తప్ప ఇంకెవరికీ బొమ్మలు కనపడకూడదన్నాడు. నేలమాళిగలో పాత సామాను ఉంది, ఎలాగూ తీసేస్తున్నాం, మోడల్లో కూడా తీసెయ్యమన్నాడు. ఇది మాకు రోజూ ఉండేదేనండీ. కుర్చీలు, బల్లలు తీసేస్తుంటాం.”

“ఏం సామాను?”

“ఒక... బీరువా.”

“నిన్నటి నుంచి పేపర్లో, టీవీలో బీరువా బీరువా అని మోగిపోతోంది. మీకు వినపడలేదా?”

“ఓనర్ పెద్దమనిషండీ. అనవసరంగా ఎందుకు ఇరుక్కోవడం అని...”

“బీరువా ఉందని మీ నోటితో అన్నారు. రాసిస్తారా?”

“అదీ... గుర్తు లేదండీ సరిగ్గా. బీరువానో, అలమరానో. చెక్కదో, ఇనపదో.” ఆయన కళ్లు తలుపువైపు పరిగెత్తాయి. “లాయర్ని అడిగి చెప్తాను.”

పెద్దక్క ఇంక ఆయన వంక చూడలేదు. అమ్మాయి పక్కకి కుర్చీ లాక్కుంది.

“ఈయన మాట మార్చేస్తాడు గానీ నీ కంప్యూటర్ మార్చదుగా. చెరిపేసిన జాడ దొరుకుతుందా?”

అమ్మాయి మోడల్ తెరిచింది. కాగితం మీద ఉన్న గీతలే తెర మీదకి వచ్చాయి.

“పోలీసులకిచ్చింది ఇలా గీయించిన బొమ్మ మేడమ్. ఇందులో కంప్యూటర్ అంచులు మాత్రమే గీస్తుంది. రెండు తలాలు ఒక కోణంలో కలిసే చోట గీత పడుతుంది. గోడ మొత్తం ఒకే చదునుగా ఉంటే దాని మధ్యలో ఏమీ గీయదు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని అందరూ ఇదే అడుగుతారు.”

“శుభ్రంగా లేనిది చూపించు.”

“నిజానికి ఆ గోడ ఒక్క ముక్క కాదు. చిన్న చిన్న త్రికోణాలు వేలకివేలు కలిపి అల్లిన వల. ఇప్పుడు ఆ వల మొత్తం గీయమంటాను.” ఆమె ఒక మీట నొక్కింది.

తెర నల్లబడినంత పని అయింది. గోడలు, నేల, స్తంభాలు అన్నీ దోమతెర కప్పినట్టు సన్నటి గీతలతో నిండిపోయాయి. అమ్మాయి ఉత్తరం గోడని దగ్గరికి తెచ్చింది. వేలు తెర మీదే ఆగిపోయింది.

“మేడమ్!”

అంత చిక్కటి వలలో ఒక్కచోట ఖాళీ. మనిషంత ఎత్తు, గజం వెడల్పు. అక్కడ చిన్న త్రికోణాలు లేవు. మూల నుంచి మూలకి అడ్డంగా సాగిన రెండు పెద్ద త్రికోణాలు, అంతే. దాని ముందు నేల మీద కూడా అలాంటిదే ఇంకో అతుకు.

“మిషన్ చూసిన గోడైతే గరుకుగా, ఒత్తుగా వస్తుంది. ఇది మిషన్ చూసింది కాదు. బీరువా కత్తిరించేసి, కన్నం కనపడకుండా మూసేశారు. అంచుల బొమ్మలో రెండూ ఒకేలా చదునుగా ఉంటాయి కాబట్టి తెలియలేదు.”

“కొలతలు?”

“ఎత్తు నూట తొంభై రెండు సెంటీమీటర్లు. వెడల్పు తొంభై ఒకటి. మెట్ల మూల నుంచి నాలుగు మీటర్ల ఇరవై.”

వెనక నిలబడిన బాస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దక్క నోట్‌బుక్ మూసి లేవబోయింది. వాచ్‌మన్‌ని విడిపించడానికి ఇది చాలు. కానీ ఆ అమ్మాయి ఇంకా తెర వంకే చూస్తోంది.

“ఇంకో పద్ధతి ఉంది మేడమ్. ఇప్పటిదాకా చూసిన రెండింటిలోనూ ముందున్నది వెనకున్నదాన్ని కప్పేస్తుంది. గోడ వెనక ఏమున్నా గీత పడదు. ఆ కప్పడం తీసేస్తే అన్ని గీతలూ ఒకదాని మీద ఒకటి కనపడతాయి. చిందరవందరగా ఉంటుందని ఎవరూ వాడరు. మావయ్య మాత్రం ప్రతి మోడల్‌నీ ఒకసారి అలా చూసి గానీ ఇచ్చేవాడు కాదు.”

“చూడు.”

గోడలు గాజువైనట్టు అయ్యాయి. అటు మెట్లు, ఇటు స్తంభాలు, అన్నీ ఒకదానిలోంచి ఒకటి కనపడుతున్నాయి. అమ్మాయి గోడలని ఒక్కొక్కటే పక్కకి తీస్తూ వచ్చింది. చివరికి ఉత్తరం గోడ ఒక్కటే మిగిలింది. దాని వెనక, ఏమీ ఉండకూడని చోట, చిన్న గీతల గుంపు గాలిలో వేలాడుతోంది.

“గోడ వెనక గది ఉంది,” అంది అమ్మాయి. “బీరువాకి వెనక రేకు లేదు మేడమ్. బీరువాని ఆ గది గుమ్మానికి అడ్డంగా పెట్టారు. మావయ్య దాని తలుపు తెరిచి ఉంటాడు. లోపలి చీకట్లో ఆయనకి ఏమీ కనపడకపోయినా, ఆ సందులోంచి మిషన్ లోపలికి చూసింది. బాస్ ముందున్నది కత్తిరించారు గానీ, వెనకున్నది ఆయనకి కనపడనే లేదు.”

ఆమె ఆ గుంపుని మెల్లిగా తిప్పింది. సందులోంచి పడినంత మేరే ఉంది. ఒక మంచం అంచు. దాని మీద రెండు పాదాలు. మోకాళ్లు. నడుము. వేళ్లతో సహా చేతులు.

హెడ్ కానిస్టేబుల్ ముందుకి వంగాడు. “అక్కా, చేతులు మూడున్నాయేంటి?”

అమ్మాయి చాలాసేపు లెక్కపెట్టింది. రెండు చేతులు మంచం మీద. మూడోది మంచం పక్కన, కిందికి, నేలకి జానెడు ఎత్తులో, వేళ్లు చాపి.

“రెండు స్కాన్లు కలిపితే ఇలా వస్తుంది. పన్నెండు నిమిషాల తేడాతో తీశాడుగా. మొదటిదానిలో చెయ్యి ఒకచోట, రెండోదానిలో ఇంకోచోట ఉంటే రెండూ పడతాయి.”

“అంటే ఈ మనిషి కదిలింది.”

“అవును మేడమ్.”

“సోమవారం నాలుగూ ఇరవై రెండుకి ప్రాణంతో ఉంది.” పెద్దక్క అప్పటికే తలుపు దగ్గర ఉంది. “గునపం ఎక్కడ దొరుకుతుందో చూడవయ్యా. పద!”

*

ప్రెస్సు గేటు దగ్గరికి చేరేసరికి మూడూ ఐదు. కాంక్రీటు లారీ ఒకటి డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడి ఉంది. గేటులో శుభం, చేతిలో తాళాలగుత్తి.

“ఇంకా నాలుగవలేదు,” అంది పెద్దక్క అతన్ని దాటుకుంటూ.

“కాలేదు కాబట్టే ఉన్నాను. ఏంటా గునపం? భవనం ఓనర్‌ది. గోడకి చిన్న దెబ్బ తగిలినా రేపు కోర్టులో నిలబడాల్సింది నేను.”

“నా పేరు రాసుకోండి.”

నేలమాళిగలో ఒకటే బల్బు. పాత సిరా వాసన, దాని మీద పచ్చి సున్నం వాసన. సర్వేయర్ పడి ఉన్న చోట సుద్దముక్క గీత ఇంకా చెరగలేదు. పెద్దక్క టేపు తీసి మెట్ల మూల నుంచి కొలిచింది. నాలుగు మీటర్ల ఇరవై. అక్కడ గోరుతో గీరితే సున్నం పెళుసుగా రాలాల్సింది పోయి ముద్దగా వచ్చింది. కింద సిమెంటు తడి ఆరలేదు. నేల మీద టార్చి పక్కవాటంగా పట్టింది. బీరువా కాళ్లు ఈడ్చిన రెండు గాట్లు, వాటిని బూడిదతో రుద్ది మాపిన మచ్చ.

“నిన్న ఈ గదిలో మీరెంతసేపున్నారు?” అంది శుభంతో.

“నలభై నిమిషాలు.”

“గోడ ముట్టుకున్నారా?”

“నేలమాళిగ అన్నాక చెమ్మ ఉండదా?” అన్నాడు గానీ, ఈసారి ఆ గొంతులో బింకం లేదు.

“కొట్టు,” అంది హెడ్‌తో.

ఏడో దెబ్బకి ఒక ఇటుక లోపలికి పడింది. కన్నంలోంచి వచ్చిన గాలికి హెడ్ మొహం తిప్పేసుకున్నాడు. పెద్దక్క ముక్కు మూసుకోలేదు. చెవి పెట్టింది. చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

లోపల ఊపిరి. గురకలాంటి, తెగితెగి వస్తున్న ఊపిరి.

ఆ తర్వాత గునపం సరిపోలేదు. శుభం తాళాలగుత్తి పారేసి, చొక్కా చేతులు మడిచి, ఇటుకలు చేత్తోనే పీకడం మొదలుపెట్టాడు. గోళ్లు చీలి నెత్తురొస్తున్నా ఆగలేదు. మనిషి పట్టేంత దారి అయ్యాక పెద్దక్క ముందు దూరింది.

నవారు మంచం మీద అరవై దాటిన ఆవిడ. నోటికి గుడ్డ. పెదాలు బీటలు వారి ఉన్నాయి. పెద్దక్క గుడ్డ విప్పి, కర్చీఫ్ తడిపి నోట్లో చుక్కచుక్కగా పిండింది. వెనకే శుభం వైర్‌లెస్‌లో అంబులెన్స్ కోసం అరుస్తున్నాడు.

“ఎవరమ్మా మీరు?”

“ఈ ప్రెస్సు... మా నాన్నది.”

ఓనర్ అక్క. కూతురి దగ్గర ఉందని అందరూ నమ్మిన ఆవిడ.

“మీ తమ్ముడేనా?”

ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. “సంతకం పెట్టనన్నాను. ఇక్కడికి తెచ్చాడు. ఎవరో మిషన్ పట్టుకుని వచ్చాడు సోమవారం. కాసేపయ్యాక మమ్మల్ని చూశాడు. అమ్మా భయపడకండి అంటూ ఇలా వస్తున్నాడు. అంతలో వెనక నుంచి మా తమ్ముడు...” ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. “పాపం, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.”

హెడ్ ఆవిడ కాళ్ల కట్లు కోస్తున్నాడు. ధైర్యం చెప్పాలనుకున్నాడు పాపం. “మీరు చెయ్యి కదిపారు కాబట్టి తెలిసిందమ్మా. ఆ మిషన్‌లో పడింది. లేకపోతే మేం వచ్చేవాళ్లమే కాదు.”

“నేనా?” అంది ఆవిడ.

పెద్దక్క అప్పుడు చూసింది. రెండు మణికట్లూ మంచం పట్టెకి ఇనప తీగతో బిగించి ఉన్నాయి. తీగ చర్మంలోకి దిగి, దాని చుట్టూ పొక్కు కట్టింది. ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదు ఆ కట్టు.

“ఎప్పుడు కట్టాడు?”

“ఆదివారం. అప్పటి నుంచి చెయ్యి ఇక్కణ్ణుంచి కదల్లేదమ్మా.” ఆవిడ మంచం పక్కన నేల వంక చూసింది. అక్కడ చినిగిన గుడ్డముక్క, ఆడపిల్ల చెప్పు ఒకటి. “నా కూతురు. నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇక్కడే, కింద పడేశాడు దాన్ని. నా వేళ్లు అందుకోవాలని చెయ్యి పైకి చాపేది.”

పెద్దక్క వంగి ఆ చెప్పు చేతిలోకి తీసుకుంది.

“సోమవారం రాత్రి, కట్టు విప్పకుండానే చేతి కింద కాగితం పెడితే, నేను పెట్టేశాను సంతకం. దాన్ని వదిలేస్తానంటే పెట్టాను. దాని సంతకం కూడా కావాలని తీసుకెళ్లిపోయాడు. తర్వాత గోడ కట్టేశాడు. అది మొండిదమ్మా, అంత తేలిగ్గా పెట్టదు.”

పెద్దక్క శుభం వంక చూసింది. పన్నెండింటికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. అంటే తల్లీకూతుళ్లిద్దరి సంతకాలూ ఉన్నాయి. అంటే ఆ పిల్లతో ఓనర్‌కి ఇంక పని లేదు. టైము మూడూ ముప్పై నాలుగు.

“ఆవిడ దగ్గర ఉండు,” అని హెడ్‌తో అని ఆమె మెట్లెక్కింది. వయసు మర్చిపోయి రెండేసి మెట్లు ఎక్కింది. శుభం ఆమె వెనకే. గేటు దగ్గర లారీ డ్రైవర్ టైరుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“ఎంతసేపమ్మా ఇంకా? సరుకు గట్టిపడిపోతుంది.”

“ఎవరు పిలిచారు నిన్ను?”

“ఓనర్ గారు. కింద గది నింపేయాలన్నారు. పొద్దున్నే రెండు లోడ్లు బుక్ చేశారు.”

“రెండా? రెండోది ఏదీ?”

“అది ఇక్కడికి కాదమ్మా. ఆయన కొత్తిల్లు కట్టుకుంటున్నారుగా, అక్కడికి. అక్కడ పాత నీళ్ల సంపు ఏదో ఉందట, పూడ్చెయ్యమన్నారు. మావాడూ నేనూ ఒకేసారి బయల్దేరాం.”

శుభం జీపు వైపు పరిగెత్తాడు. పెద్దక్క డ్రైవర్ భుజం పట్టుకుంది.

“మీవాడికి ఫోన్ చెయ్యి. ఆపమను. ఒక్క చుక్క కూడా పొయ్యద్దని చెప్పు.”

డ్రైవర్ కంగారుగా నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

“ఏమైంది? ఎందుకెత్తడం లేదు?”

“పోసేటప్పుడు ఎత్తడమ్మా,” అన్నాడతను. “డ్రమ్ము చప్పుడులో వినపడదు.”